కిందికి దించిన తీగలు

యోహానూ,

ఎలా ఉన్నావురా? నువ్వు వెళ్లిపోయి ఏడాది దాటింది. మళ్లీ వానలు మొదలయ్యాయి. రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇన్నాళ్లు గడిపేశాను. ఎక్కడికి పంపాలో తెలియని ఉత్తరానికి తొందరేముందిలే అనుకున్నాను కాబోలు... కానీ మొన్న మీ ఇంట్లో జరిగింది నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

దాని దగ్గరికి మెల్లగా వస్తాను. ముందు ఊరి కబుర్లు.

తెలంగాణ వచ్చింది. నువ్వు ఎదురుచూసిన రాష్ట్రం నువ్వు లేకుండానే వచ్చేసింది. ఆ రోజు పొద్దున్నే ఎల్బీ నగర్ చౌరస్తాలో మిఠాయిలు పంచారు. నువ్వు పనిచేసిన స్పేర్ పార్ట్స్ షాపు సేటు నన్ను చూసి, పిలిచి, చేతిలో ఒక లడ్డూ పెట్టాడు. కాసేపు ఆగి ఇంకోటి పెట్టాడు. రెండోది ఎవరికని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. రెండూ నేనే తిన్నాను. నీకు కోపం రాదు కదా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. మా కోచింగ్ సెంటర్ కిటికీ ఎదురుగా ఒకటి లేచింది. దుమ్ముకు పిల్లలు తుమ్ముతుంటే నేను ఫిజిక్స్ చెబుతున్నాను. తీగ బిగిస్తే స్వరం పెరుగుతుంది, సడలిస్తే తగ్గుతుంది అనే పాఠం ఈ ఏడాది కూడా వచ్చింది. గబగబా చెప్పేసి బోర్డు తుడిచేశాను. పిల్లలు డౌట్లు అడిగితే రేపు చూద్దామన్నాను.

నీ సునీత బాగానే ఉంది. స్కూలు ఉద్యోగం మానలేదు. నీ చొక్కాల్లో ఒకటి మాత్రం ఉంచుకుని మిగతావి చర్చిలో ఇచ్చేసింది. ఏదుంచుకుందో నాకు చెప్పలేదు. నేను అడిగేదీ కాదు.

మీ అమ్మే... అమ్మ పాడటం మానేసింది యోహానూ.

నీకు తెలియదు కదా. సమాధుల తోటలో నిన్ను దించుతున్నప్పుడు అలవాటుగా అమ్మే కీర్తన ఎత్తుకుంది. చర్చిలో ఎవరు పోయినా ఆడవాళ్ల వైపు నుంచి మొదట ఎత్తుకునేది ఆమే కదా. ఒక మాట పలికింది. రెండో మాట పెదవి దాటలేదు. మిగతావాళ్లు అందుకుని ఎలాగో పూర్తి చేశారు. అంతే. ఆ తర్వాత చర్చిలో కూడా నోరు మూసుకుని, ముసుగు సర్దుకుంటూ కూర్చుంటుంది. ఇంట్లో బియ్యం ఏరుతూ సన్నగా కూనిరాగం తీసేది చూడు, అదీ లేదు. సునీత దవాఖానకు తీసుకెళ్లింది. గొంతులో ఏమీ లేదన్నారు. "గొంతుల ఉంటే గోలీ ఇద్దురు అన్నా. గొంతుల లేదంట, ఏం జేయాలె" అని నా దగ్గర ఏడ్చింది సునీత.

నాకేం తెలుసు చెప్పు, ఏం చేయాలో? నువ్వున్నప్పుడు ఇలాంటివి నువ్వు చూసుకునేవాడివి. నేను పక్కన రెండో గిటారు పట్టుకుని కూర్చునేవాణ్ని.

ఈ ఏడాదంతా మన పాటలు వింటూనే ఉన్నాను. ఒంటరిగా వినడం వేరేగా ఉందిరా. ఏదైనా మంచి చోటు వచ్చినప్పుడు పక్కకు తిరిగి చూస్తాను...

ఆ మొదటి క్యాసెట్ గుర్తుందా? దిల్‌సుఖ్‌నగర్‌లో ఖాళీ క్యాసెట్ ఇస్తే పాటలు నింపి ఇచ్చే షాపు. సినిమా పాటలు నింపమని మనం ఇచ్చి వచ్చాం. ఆయన ఎవరి క్యాసెట్టో మనకిచ్చేశాడు. మీ ఇంటికొచ్చి పెడితే ఎవరో దొరలు గిటార్లతో మూలుగుతున్నారు. వెంటనే వెనక్కి ఇచ్చేద్దామని నేనన్నాను. "ఆగురా, ఒక్కసారి ఇందాం" అని నువ్వన్నావు. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఎవలన్న సచ్చిన్రా బిడ్డా?" అని అడిగింది. అలాగే గడప దగ్గర నిలబడి కాసేపు విని, "గా ఏడ్చేటోడు మాత్రం మంచిగ ఏడుస్తుండు" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పాటల మీద మన ఇంట్లో వచ్చిన మొదటి తీర్పు అదే. ఇప్పటికీ అంతకంటే బాగా చెప్పినవాళ్లను నేను చూడలేదు.

క్యాసెట్ మీద పేర్లు లేవు. కాబట్టి గొంతులు విని ముఖాలు ఊహించుకుని మనమే పెట్టుకున్నాం. మీసాలోళ్లు. జోడు డ్రమ్ములోళ్లు. బొంగురు తాత. అసలు పేర్లు తర్వాత తెలిసినా మార్చలేదు. ఇప్పుడు ఎవరితోనైనా ఆ పాటల గురించి మాట్లాడాలంటే నాకు అసలు పేర్లు తడుముకోవాల్సి వస్తోంది. మీసాలోళ్లంటే అర్థమయ్యే మనిషి ఇంకెవరున్నారు?

జోడు డ్రమ్ములోళ్ల ఆ పెద్ద పాట, క్యాసెట్ ఒకవైపు అయిపోయేసరికి సగంలో టక్కున తెగిపోయేది. దాని ముగింపే అంత అనుకున్నాం మనం. ఆహా, ఎంత ధైర్యంగా ఆపారు అని మెచ్చుకున్నాం కూడా. కాలేజీ వార్షికోత్సవంలో అలాగే వాయించి సగంలో టక్కున ఆపేస్తే, జనం కరెంటు పోయిందనుకుని ఈలలు వేశారు. ఏళ్ల తర్వాత ఇంటర్నెట్ సెంటర్లో ఆ పాట మొత్తం దొరికింది. మనం ఆపిన చోటు తర్వాతే అసలు కథంతా ఉంది. నువ్వు హెడ్‌ఫోన్ తీసి, పక్కన పెట్టి, "ఇన్నేండ్లు తలుపుకాడనే నిలబడ్డం రా సీనూ, ఇంట్లకే పోలే" అన్నావు.

ఆ పాటల్లో మనకేం దొరికింది యోహానూ? ఈ ఏడాదంతా అదే ఆలోచిస్తున్నాను. అమెరికాలో ఎక్కడో దక్షిణాన, పత్తి చేలూ బురద నదులూ ఉన్న నేల. అక్కడి మనుషుల గోడు మనకెందుకు? నాకు తోచింది చెబుతాను, తప్పయితే నవ్వుకో. వాళ్లు తొందరపడరు. ఒక మాట చెప్పి, దానికి జవాబు వచ్చేదాకా ఆగుతారు. గొంతు ఒక మాట అంటే గిటారు ఊఁ కొడుతుంది. అచ్చం కూలి పనిలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నట్టు. ఇంకా ఆ గొట్టం వాయింపు... చిటికెన వేలికి గొట్టం తొడిగి తీగ మీద జారుస్తుంటే, స్వరం ఒక మెట్టు మీద నిలవదు, ఆ మెట్టూ ఈ మెట్టూ కాని చోట ఆగి మూలుగుతుంది. మన చెవికి అది కొత్తేం కాదు. ఏడ్చే మనిషి గొంతు ఎప్పుడు మెట్ల ప్రకారం దిగింది?

నువ్వు గొట్టాన్ని అమెరికా నుంచి తెప్పించుకోలేదు. షాపులో పాత పానాల డబ్బాలోంచి నట్లు విప్పే సాకెట్ ఒకటి ఏరుకున్నావు. వేలికి సరిపోయేదాకా ఒక్కోటీ తొడిగి చూస్తుంటే సేటు, "ఉంగరం కొంటున్నవా ఏంది" అన్నాడట. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. సునీత ఇచ్చింది. నా వేలికి కొంచెం వదులు.

వేగంగా వాయించేవాళ్లంటే నీకు గిట్టదు. "గంత ఉరుకుడెందుకు, ఎనక కుక్కలు పడ్డాయా" అనేవాడివి. మీసాలోళ్లలో ఇద్దరు గిటారు మనుషులు ఒకే బాణీని పైనొకడు, కిందొకడు పట్టుకుని పక్కపక్కనే నడిచే చోటు వస్తే మాత్రం కళ్లు మూసుకునేవాడివి. మనమూ అలాగే పంచుకున్నాం. పైది నాకిచ్చావు. కిందిది నువ్వు తీసుకున్నావు. పైది అందరికీ వినిపిస్తుంది, కింద ఎవరున్నారో చాలామందికి తెలియదు. ఈ ఏడాది ఇంట్లో ఒకట్రెండుసార్లు నా సగం వాయించి చూశాను. గాల్లో వేలాడుతూ ఉంది. పెట్టెలో పెట్టేశాను.

ఒకటి మాత్రం నీకూ నాకూ గొంతులో అడ్డుపడింది, గుర్తుందా? ఆ జెండా. మనకిష్టమైన బృందాల్లో కొందరు వేదిక వెనక కట్టుకున్న జెండా బొమ్మ ఇంటర్నెట్‌లో చూశావు. బాగుందే అన్నావు కూడా. తర్వాత అది నల్లవాళ్లను బానిసలుగా ఉంచుకోవడం కోసం యుద్ధం చేసినవాళ్ల జెండా అని చదివావు. చాలా రోజులు ఆ పాటలు ముట్టుకోలేదు. "గా జెండా కింద నేనుంటే స్టేజి మీద ఉండేటోణ్ణి కాదు రా, పత్తి చేన్ల ఉండేటోణ్ణి" అన్నావు. మీ తాతల కాలంలో ఊరి దొర గడీ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన సంగతి ఆ రోజే మొదటిసారి చెప్పావు నాకు. ఇన్నేళ్ల స్నేహంలో అంతకు ముందెప్పుడూ ఎందుకు చెప్పలేదు? నేను అడగలేదనా?

మళ్లీ ఒక ఆదివారం గిటారు తీశావు. "జెండా వాళ్లది. పాట మాత్రం వాళ్లకన్న ముందు మా అసోంటోళ్లది. నేనెందుకు ఇడిచిపెడ్త" అన్నావు. బొంగురు తాత పాటతో మొదలుపెట్టావు.

ఉద్యమం రోజుల్లో నీ మాటే నాకు అండగా నిలిచింది. నీకది తెలుసో లేదో. మా నాన్న తెనాలి నుంచి వచ్చి కొత్తపేటలో ఇల్లు కట్టుకున్న మనిషి. బందులూ రాస్తారోకోలూ మొదలయ్యాక మా ఇంట్లో రోజూ అదే చర్చ, ఉందామా, అమ్ముకుని పోదామా అని. మా నేల, మా నీళ్లు అని పాడుతుంటే ఆ 'మా'లో నేనున్నానో లేదో నాకు తెలిసేది కాదు. ఎవరిని అడగాలి? నిన్ను అడగబోయి మింగేవాణ్ని. ఒకసారి నువ్వే తీశావు. "నువ్వు యాడికి పోతవ్ రా? నువ్వు పోతే రెండో గిటారు ఎవడు వాయిస్తడు?" అన్నావు. రెండు వాక్యాలు. మా ఇంటి చర్చంతటికీ అదే జవాబయింది.

ఎల్బీ నగర్‌లో విజయవాడ రోడ్డు మీద వంటా వార్పు పెట్టిన రోజు చూడు... రోడ్డు మధ్యలో రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గిన్నెలు, కొంగులు బిగించిన ఆడవాళ్లు. బస్సుల్లేవు. నువ్వు నన్ను లాక్కెళ్లావు. నేను మాట్లాడితే యాస తెలిసిపోతుందని నోట్లో నాలుక లేనివాడిలా కూర్చున్నాను. నువ్వు అందరిముందూ, "వీడు ఆంధ్రోడే. వీని పప్పు గూడ గీ గిన్నెలనే ఉడుకుతది, జర ఎక్కువ పోయుండ్రి" అన్నావు. నవ్వారు. ఒకామె నా విస్తరిలో నిజంగానే ఎక్కువ పోసింది.

తర్వాత డప్పుల వాళ్లు మొదలుపెట్టారు. నువ్వు గిటారు తీసి సాకెట్ తొడిగావు. వాళ్లు కాసేపు అనుమానంగా చూశారు. అప్పుడు అమ్మ గరిటె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, నాట్లేసే పాట ఎత్తుకుంది. నల్లగొండ చేలల్లో ఆమె పాడిన పాట. పొలంలో ఇంకొక్క మునుం, అంటే ఇంకొక్క వరుస, మిగిలి ఉంది, అంతదాకా ఆగమని మబ్బును బతిమాలే పాట. ఆమె ఒక మాట అనడం, నీ గొట్టం దాన్ని పట్టుకుని జారడం, ఆడవాళ్లంతా అందుకోవడం... ఆ అమెరికా పాటల్ని మనం ఇన్నేళ్లు ఎక్కడో వెతుక్కుంటూ విన్నాం. ఆ రోజు మాత్రం నాకు అది మన దగ్గరికే నడిచి వచ్చినట్టు అనిపించింది. ఆ తర్వాత ఇంట్లో కూర్చుని ఆ పాటనే మనిద్దరం పంచుకున్నాం. నువ్వు కింద, నేను పైన, మధ్యలో అమ్మ.

నిరుటి వానల్లో నీకు కామెర్లు. ముందు పసరు మందన్నారు, తర్వాత దవాఖానన్నారు. నీ కళ్లలో పసుపు చూసి నేను భయపడితే, "మీసాలోళ్ల క్యాసెట్ కవర్ అసోంటి రంగు రా" అన్నావు. ఆ క్యాసెట్‌కు కవరే లేదు కదరా... నవ్వలేకపోయాను. నిన్ను పంపడానికి నేనింకా సిద్ధపడలేదు. నీకు చెప్పే వీలే దొరకలేదు.

ఇక మొన్నటి సంగతి.

నీ గిటారు నువ్వు తగిలించిన మేకుకే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. సునీత బూజు దులిపినా దాని చుట్టూ దులిపేది. ఆదివారం ఆదివారం నేను మీ ఇంటికి వెళ్లి, చాయ్ తాగి, వచ్చే ముందు బొటనవేలితో ఆరు తీగలూ ఒక్కసారి మెల్లగా నిమిరేవాణ్ని. నువ్వు పెట్టిన శృతి పలికేది. గొట్టంతో వాయించేవాళ్లు తీగలన్నీ సడలించి, వేళ్లు పెట్టకుండా మీటినా నిండుగా పలికేలా పెట్టుకుంటారు కదా. నీది అందరికంటే కిందికి ఉండేది. ఏ పుస్తకంలోనూ, ఏ వెబ్‌సైట్‌లోనూ లేని చోటు. నీ చేతులు చివరిసారి ఈ లోకంలో వదిలిపెట్టిన పని అది. నేను ఫిజిక్స్ మాస్టర్ని, నాకు తెలుసు... ఎండకూ వానకూ తీగలు జారతాయి, ఏడాది తర్వాత అది నువ్వు పెట్టిన శృతి అయ్యే అవకాశమే లేదు. అయినా ప్రతి ఆదివారం నమ్మేవాణ్ని.

నువ్వు పోయి ఏడాదైనందుకు పెట్టిన జ్ఞాపకార్థ కూడికకు సునీత నన్ను ఒకటి అడిగింది. "అన్నా, నాట్లేసే పాట నువ్వు ఆయన గిటారు మీద వాయించు. అది ఇంటేనన్న అత్తమ్మ నోరు తెరుస్తదేమో." అంత బరువు నా మీద పెట్టింది. నీ సగం నేను నేర్చుకోవాలి, నీ గిటారు మీద, నీ శృతిలో. సాకెట్‌కు లోపల గుడ్డ చుట్టి ఇంట్లో నా గిటారు మీద సాధన చేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి. అమ్మ పాడకపోతే? ఆ ప్రశ్న తల్లో తిరుగుతూనే ఉండేది.

ఇంటి ముందు షామియానా వేశారు. వెనక అన్నం ఉడుకుతోంది. అమ్మ కుర్చీ వద్దని చాప మీద కూర్చుంది. పాస్టర్ గారు ప్రార్థన చేశాక నన్ను పిలిచారు. నేను లోపలికి వెళ్లి మేకు మీంచి గిటారు తీసి, వరండాలోకి తెచ్చి, అలవాటుగా బొటనవేలితో నిమిరాను.

నీ శృతి లేదు యోహానూ.

చక్కగా, బిగుతుగా, గిటారు క్లాసులో మొదటి రోజు నేర్పే శృతి పలికింది. పాస్టర్ గారి అల్లుడు, చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, నాగోల్‌లో ఉంటాడు, చాలా మంచి మనిషి, మైకులు సర్దడానికి పొద్దున్నే వచ్చాడట. నా ముఖం చూసి సంతోషంగా, "అన్నా, పొద్దున చూసిన, తీగలన్నీ వదులైపోయినయ్. పాపం, ఎన్నాళ్లయిందో ఎవరూ చూడక. శృతి మిషన్ పెట్టి అన్నీ కరెక్ట్ చేసిన" అన్నాడు. అతన్ని ఏమనగలం? అతను నీకోసం చేశాడు. వదులుగా ఉన్న తీగ ఎవరికైనా పాడైన తీగే.

కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ చూస్తున్నారు. కూర్చుని, ఒక్కో తీగా సడలించడం మొదలుపెట్టాను. నీ శృతి గుర్తుందనుకున్నాను. ప్రతి ఆదివారం విన్నాను కదా. కానీ ఆ పూట చెవిలో ఏమీ మిగల్లేదు. ఇక్కడా? ఇక్కడ కాదు. ఇంకొంచెం? పాస్టర్ గారు దగ్గారు. వెనక ఎవరో గిన్నె మూత తీసిన చప్పుడు. నేను గిటారు పక్కన పెట్టేసి నా వల్ల కాదని చెప్పేద్దామనుకున్నాను.

అప్పుడు చాప మీంచి అమ్మ అంది. "ఆడ కాదు సీనూ. కిందికి."

దించాను.

"ఇంకా."

"అమ్మా, ఎంతదాకా?" అన్నాను.

"నాకేమెరుక బిడ్డా. వాడు నన్ను అనమనేటోడు. నేను అంటే నా గొంతు కాడికి దించుకునేటోడు. నాది మొగ గొంతు గదా, మీ గిటారు పెట్టెలు అంత కిందికి రావు."

ఇంతేనా యోహానూ? ఇన్నేళ్లు నీ శృతి రహస్యం ఏమిటా అని నేను బుర్ర బద్దలు కొట్టుకున్నాను. గిటారు పట్టుకుని వంటింట్లోకి వెళ్లేవాడివి చూడు, బయట బండ్ల మోత అని చెప్పి... అమ్మ ఉల్లిపాయలు కోస్తూ గొంతు ఇస్తుంటే దానికి కట్టుకునేవాడివన్నమాట. ఏ దొరల శృతీ కాదు. నాకెందుకు చెప్పలేదు? సిగ్గుపడ్డావా?

"అయితే అనమ్మా" అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నేనేం అడిగానో నాకు తెలియలేదు. సునీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ నా వైపు చూడలేదు. చాప అంచు పీచు లాగుతూ కూర్చుంది. చాలాసేపు... ఇక అనదు అనుకున్నాను.

అన్నది. ఊఁ అని మొదలుపెట్టింది.

ఆ గొంతు నువ్వు విన్న గొంతు కాదురా. ఏడాది మూసి ఉంచిన గొంతు. బొంగురుగా, ఎక్కడో చాలా అడుగునుంచి వచ్చింది. వంటా వార్పు నాటి గొంతు నాకు బాగా గుర్తుంది. ఇది దానికి ఎంతో కింద ఉంది. నేను దించుకుంటూ వెళ్లాను. లావు తీగ వదులై చెక్కకు కొట్టుకుంటోంది. ఇది నీ శృతి కాదని నాకు అర్థమవుతూనే ఉంది, అయినా దించాను. ఆరు తీగలూ ఆమె గొంతు దగ్గరికి చేరాక, సాకెట్ తొడిగి మొదటి జారు జార్చాను.

"ఇంకొక్క మునుం ఉన్నది ఆగవే మబ్బా" అంది అమ్మ.

అంతవరకే పాడి ఆగిపోయింది. నేను గొట్టాన్ని అక్కడే నిలిపి ఉంచాను. ఊరి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు అందుకున్నారు. వాళ్ల మీదుగా అమ్మ మళ్లీ ఎత్తుకుంది. మధ్యలో ఏడ్చింది, ఏడుస్తూనే పాడింది, పాట పూర్తి కాలేదు. కాకపోయినా ఎవరికీ కరెంటు పోయినట్టు అనిపించలేదు. ముక్కు తుడుచుకుని, "అన్నం మాడుతున్నట్టుంది, సూడుండ్రి" అని సునీతను లోపలికి పంపింది. పాస్టర్ గారి అల్లుడు నా దగ్గరికి వచ్చి, "అన్నా, నాకు తెల్వదు, మాఫ్ చెయ్యి" అన్నాడు. నేను అతని చేయి పట్టుకున్నాను. అతను సరిచేయకపోతే అమ్మను ఎవరు అడిగేవాళ్లు?

తర్వాతి ఆదివారం కూడా వెళ్లాను. గిటారు మేకుకు లేదు, చాప మీద ఉంది. అమ్మ ఉల్లిపాయలు ముందు పెట్టుకుని, "సీనూ, జర చూస్కో" అని తనే గొంతు ఇచ్చింది. ఇంకా కిందికి దిగింది. వయసో, దుఃఖమో, నాకు తెలియదు. ఆ పై వారం మళ్లీ కొంచెం. పాత తీగలు ఆ వదులుకు పలకడం మానేశాయి. అవి తీసేసి, కోఠీ వెళ్లి లావు తీగలు తెచ్చి ఎక్కించాను. నీ చేయి పడిన తీగలు పారేయలేదులే... సునీత తను దాచుకున్న నీ చొక్కా జేబులో పెట్టుకుంది.

నీ శృతి పోయింది యోహానూ. ఇక దాన్ని వెతకను. అమ్మ ఎంత కిందికి దిగితే అంత కిందికి దించుకుంటూ వెళతాను, తీగ పలికినంతకాలం ఆమెను ఒక్కదాన్నే పాడనివ్వను.

నీ
సీను